ఎర్ర కంచం

తూకం మాస్టారికి పాలు పడవు. అంతవరకు నిజమే. గ్లాసెడు పాలు తాగితే పొట్ట ఉబ్బుతుంది, లోపల ఎవరో సామాన్లు సర్దుతున్నట్టు చప్పుళ్ళవుతాయి, ఆ పూటకి ఆయన దూరప్రయాణాలు పెట్టుకోకపోవడం అందరికీ క్షేమం. ఈ గోరంత నిజాన్ని ఆయన కొండంత చేసి, ఆ కొండ మీద ఒక కుర్చీ వేసుకుని కూర్చున్నారు. కుర్చీ కోసం మనుషులు ఎన్ని నాటకాలైనా ఆడతారు, అది లోకంలో ఉన్నదే. కానీ క్యాంటీన్‌లో కిటికీ పక్క కుర్చీ కోసం ఆడినవారు ఈయనొక్కరే అయ్యుంటారు.

ఆయన పనిచేసేది తూకం యంత్రాల కర్మాగారంలో. కూరల కొట్లో బల్ల మీద పెట్టుకునే చిన్నవాటి దగ్గర్నుంచి గోదాముల్లో బస్తాలు తూచేవాటి దాకా అన్నీ అక్కడ తయారవుతాయి. తయారైన ప్రతి యంత్రమూ చివరికి మాస్టారి గదికి వస్తుంది. ఆయన దాని మీద ఇత్తడి రాళ్ళు ఒక్కొక్కటే పెట్టి, ముల్లు ఎక్కడ ఆగుతుందో చూసి, సరిగా ఉంటే సీలు వేస్తారు, లేకపోతే వెనక్కి పంపుతారు. ఆ గదిలో ఫ్యాన్ ఉండదు, కిటికీ తెరవరు. గాలి తగిలితే ముల్లు అబద్ధం చెబుతుంది. పొద్దున్న లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంటే మధ్యాహ్నం భోజనాల గంట కొట్టేదాకా ఆయన నోటికి పని లేదు.

ఇంట్లోనూ అంతే. ఆయన పెళ్ళి చేసుకోలేదు. తల్లి ఉన్నన్నాళ్ళూ ఆవిడ మందులు, ఆవిడ చాదస్తం, పొద్దున్న లేస్తే ఆవిడతో తగువు, ఇల్లు నిండుగా ఉండేది. ఆవిడ పోయాక మాస్టారు రాత్రి భోజనం వంటగట్టు దగ్గర నిలబడే కానిచ్చేసేవారు. కూర్చుంటే ఎదురుగా ఉన్న కుర్చీ కనిపిస్తుంది. రేడియో పెట్టుకునేవారు గానీ, అది మాట్లాడుతుందే తప్ప ఏమీ అడగదు కదా. ఎవరైనా తనని ఏదైనా అడిగితే బాగుండునని ఆయనకి ఉండేది. ఏదైనా సరే, బస్సు దొరికిందా అని అడిగినా చాలు.

క్యాంటీన్‌లో పెద్ద బల్లలు వరసగా ఉంటాయి. మాస్టారు ఆ బల్లల దగ్గర ఏళ్ళ తరబడి తిన్నారు. ఇటుపక్క ఫిట్టర్లు ఆటల గురించి అరుచుకునేవారు, అటుపక్క గుమాస్తాలు పై అధికారిని తిట్టుకునేవారు. వాళ్ళకి ఆయనంటే కోపమేం లేదు. ఉప్పు కావలసి వచ్చినప్పుడు, "మాస్టారూ, ఆ ఉప్పు ఇటివ్వండి" అనేవారు. ఆయన ఇచ్చేవారు. అదీ సంభాషణ.

అలాంటి రోజుల్లో పెయింటు విభాగంలోకి ఒకావిడ కొత్తగా వచ్చింది. తూకపు పలకల మీద అంకెలు వేయడం ఆవిడ పని, అందుకని వచ్చిన వారానికే అందరూ అంకెలమ్మ అనడం మొదలుపెట్టారు. ఆవిడకి వేరుశెనగ గింజలు ప్రాణగండం. పల్లీ తినడం సరే, పల్లీలు ముట్టుకున్న గరిటె ఆవిడ కూరలో పెట్టినా ఆసుపత్రికి పరుగెత్తాల్సిందేనని కాగితం తెచ్చింది. యాజమాన్యం భయపడి ఏర్పాట్లు చేసింది. వంటింట్లో వేరే పొయ్యి, వేరే గిన్నె, వేరే గరిటె. కంచాలు ఎర్రవి. కిటికీ పక్కన ఒక చిన్న బల్ల, దానికి రెండు కుర్చీలు, చుట్టూ నేల మీద పసుపు రంగు గీత. గీత అవతల తిన్నవాళ్ళు ఇవతలికి రాకూడదు.

ఆ గీత మధ్యలో అంకెలమ్మ ఒక్కతే కూర్చుని తింటుంటే, హాలు హాలంతా నంజుకోవడానికి ఆవిడనే చూసేది. మూడో రోజో నాలుగో రోజో క్యాంటీన్ మేనేజరు, "ఇంకెవరికైనా తిండి విషయంలో ఎలర్జీలు ఉంటే ఇప్పుడే చెప్పండి, ఈ బల్లకే మారుస్తాం" అని ప్రకటించాడు. తూకం మాస్టారి చెయ్యి దానంతటదే లేచింది.

"నాకు పాలు," అన్నారు ఆయన.

ప్రేమా గీమా అనుకునేరు. ఆ వయసూ, ఆ ధైర్యమూ ఆయనకి ఎప్పుడో దాటిపోయాయి. ఆయనకి కావలసింది ఎదురుగా ఒక మనిషి. చిన్న బల్ల కాబట్టి ఎదుటి మనిషి మాట్లాడక తప్పదు, అదే ఆయన లెక్క. లెక్క తప్పలేదు. మొదటి రోజే ఆవిడ అడిగింది.

"మీ గదిలోకి మా పలకలు వచ్చినప్పుడు ముందు ఏం చూస్తారు మాస్టారూ?"

"సున్నా చూస్తానండి. ఖాళీగా ఉన్నప్పుడు ముల్లు సున్నా మీద ఉంటే, మిగతాది తర్వాత చూసుకోవచ్చు."

"నేను వేయడం కూడా సున్నాతోనే మొదలుపెడతాను. అది కుదిరితే మిగతావి వాటంతటవే కుదురుతాయి."

ఇంత చిన్న మాటకి మాస్టారు ఆ రాత్రి వంటగట్టు దగ్గర నిలబడి రెండుసార్లు నవ్వుకున్నారు.

అక్కడితో ఆగి ఉంటే కథ లేదు. కానీ మనిషికి ఒక ముద్ద దొరికితే రెండో ముద్ద మీదికి చెయ్యి పోతుంది. ఒకరోజు అంకెలమ్మ తన చిన్ననాటి సంగతి చెప్పింది. స్నేహితురాలు ఇచ్చిన బిస్కెట్టు ఒకటి తెచ్చుకుని ఇంట్లో కొరికిందట. అందులో పల్లీల పొడి ఉందని ఎవరికి తెలుసు. ముందు పెదాలు దురద పెట్టాయి, తర్వాత ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి, చూస్తుండగానే గొంతు పూడుకుపోయింది.

"అమ్మ పక్క గదిలోనే ఉంది. పిలుద్దామంటే గొంతు లేదు," అంది ఆవిడ. "చచ్చిపోతానని కాదు మాస్టారూ నా భయం. అంత దగ్గర్లో ఉండి కూడా అమ్మకి తెలియదే అని. ఇప్పటికీ నిద్రలో అదే వస్తుంది."

ఆ తర్వాత ఆవిడ ఎవరింటికీ భోజనానికి వెళ్ళలేదు. పెళ్ళిళ్ళకి వెళ్తే బయటే నిలబడి పలకరించి వచ్చేస్తుంది. ఒక సంబంధం దాదాపు కుదిరింది గానీ, పెళ్ళికొడుకు వాళ్ళమ్మగారు "ఇంత చాదస్తం మాకు కుదరదు" అన్నారు. సంచీలో ఎప్పుడూ సూదిమందు ఉంటుంది. ఆ సంచీ లేకుండా ఆవిడ నీళ్ళ కుళాయి దాకా కూడా వెళ్ళదు.

ఇదంతా విని మాస్టారికి ఏదైనా ఓదార్పుగా అనాలనిపించింది. అలవాటు లేని పని. నోటికి అందిన మాట అనేశారు.

"నాకూ అంతేనండి."

ఆవిడ కంచంలోంచి తలెత్తింది. "మీకూనా? గొంతు కూడానా?"

"ఆఁ. గొంతు కూడా."

ఆవిడ మొహం విప్పారిన తీరు చూస్తే ఎవరికైనా అబద్ధం వెనక్కి తీసుకోవాలనిపించదు. "అయితే మీకు చెప్పనక్కర్లేదు. ఇన్నేళ్ళలో చెప్పనక్కర్లేని మనిషి మీరొక్కరే దొరికారు," అంది. మాస్టారికి ముద్ద దిగలేదు. దిగకపోయినా కుర్చీ మాత్రం దిగలేదు.

అలా రోజులు గడిచాయి. పొద్దున్న సీళ్ళు వేస్తున్నప్పుడు కూడా మధ్యాహ్నం ఆవిడకి ఏం చెప్పాలా అని ఆయన పోగేసుకునేవారు. దారిలో చూసిన కుక్క గొడవ, పక్కవాటా వాళ్ళ నీళ్ళ ట్యాంకు కారడం, అన్నీ ఎర్ర కంచం దగ్గరికి భద్రంగా మోసుకొచ్చేవారు. సెలవు రోజులంటే ఆయనకి విసుగు పుట్టింది.

ఇంతలో స్టోర్సు మేనేజరు పదవీ విరమణ వచ్చింది. హాల్లో ఉపన్యాసాలు, చప్పట్లు, చివర్లో ఐస్‌క్రీమ్. అంకెలమ్మ ఇలాంటివాటికి రాదు. మాస్టారు వెనక వరసలో నిలబడ్డారు. ఎవరో ఫిట్టరు అటుగా వెళ్తూ, "తీసుకోండి మాస్టారూ" అని ఒక కప్పు ఆయన చేతిలో పెట్టాడు. అడక్కుండా ఆయన చేతిలో ఎవరైనా ఏదైనా పెట్టి ఎన్నాళ్ళయిందో. తల్లి పోయాక లేదు. పాల సంగతీ, ఎలర్జీ సంగతీ ఏదీ గుర్తుకు రాలేదు, చెంచాతో తినేశారు. చిన్న కప్పు కాబట్టి పొట్ట కూడా ఊరుకుంది.

వడ్డన చేసే అక్క మాత్రం ఊరుకోలేదు. క్యాంటీన్‌లో ఆవిడని చిన్నా పెద్దా అందరూ అక్కే అంటారు. కళ్ళు చురుకు, నోరు అంతకంటే చురుకు. మర్నాడు ఎర్ర కంచం అందిస్తూ, "ఏం మాస్టారూ, మీ ఎలర్జీ నిన్న సెలవు పెట్టిందా?" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. మాస్టారు కూడా నవ్వారు. నవ్వక ఏం చేస్తారు, తేలు కుట్టిన దొంగ అరవగలడా? అదృష్టం కొద్దీ అంకెలమ్మ అప్పటికే బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది. వినలేదు.

ఆ నెలలోనే డిస్పెన్సరీకి కొత్త నర్సమ్మ వచ్చింది. ముందున్నావిడ తలనొప్పికైనా కాలినొప్పికైనా ఒకే మాత్ర ఇచ్చేది. ఈవిడ అలా కాదు, అడుగుతుంది. ఎర్ర కంచాల వాళ్ళిద్దరినీ విడివిడిగా పిలిపించింది. మాస్టారి వంతు వచ్చింది.

"పాలు తాగాక ఎంతసేపటికి మొదలవుతుందండీ? వెంటనేనా, గంటా రెండు గంటలకా? ఒక చెంచాడు తాగినా వస్తుందా, గ్లాసెడు తాగితేనే వస్తుందా?"

మాస్టారు కిటికీ వైపు చూశారు.

"ఎందుకు అడుగుతున్నానంటే, జనం రెండింటినీ ఒకే గాట కట్టేస్తారు," అంది నర్సమ్మ. "ఎలర్జీ అంటే ఒంట్లో కాపలా ఉండే శక్తి ఆ పదార్థాన్ని శత్రువనుకుని విరుచుకుపడుతుంది. దద్దుర్లు, పెదాలు వాచడం, ఊపిరి అందకపోవడం. రవ్వంత చాలు, నిమిషాల్లో ప్రాణం మీదికి రావచ్చు. రెండోది అరక్కపోవడం. పాలల్లో ఉండే చక్కెర కొందరి పొట్టకి అరగదు. ఉబ్బరం, నొప్పి, విరేచనాలు. అది కూడా బాధే, నటన అనను. కానీ దాంతో చావరు. కొంచెం తీసుకుంటే చాలామందికి ఏమీ కాదు కూడా. మీది ఏదో చెప్పండి."

జీవితమంతా బరువులతో గడిపిన మనిషికి ఇది వేరేగా విప్పి చెప్పాలా? తన జబ్బుకి తూకం ఉంది. ఇంత వరకు ఫరవాలేదు, ఇంతకు మించితే కష్టం, అని గీత గీయవచ్చు. అంకెలమ్మ జబ్బుకి తూకమే లేదు, ఆవగింజ పెట్టినా ముల్లు చివరిదాకా పోతుంది. రెండూ ఒకటి కావు. అది ఆయనకి ఆ కుర్చీలో కూర్చున్న క్షణంలోనే తెలిసిపోయింది. నిజం చెబితే రేపట్నుంచి తెల్ల కంచం, ఫిట్టర్ల మధ్య చోటు, మాస్టారూ, ఆ ఉప్పు ఇటివ్వండి. అదీ తెలిసిపోయింది.

"చిన్నప్పుడు ఒకసారి," అన్నారు మాస్టారు మెల్లగా, "పెదాలు దురద పెట్టాయి. ఒళ్ళంతా దద్దుర్లు. గొంతు పూడుకుపోయింది. అమ్మ పక్క గదిలోనే ఉంది. పిలుద్దామంటే గొంతు లేదు."

నర్సమ్మ మొహం మారిపోయింది. "అయ్యో. అయితే తేలిగ్గా తీసుకోకూడదు. పెద్దాసుపత్రికి చీటీ రాస్తాను, చర్మ పరీక్ష చేయించుకోండి. అందాకా ఎర్ర కంచం వదలకండి," అంది.

బయటికి వచ్చి ఆయన తన గదిలో తలుపు వేసుకుని కూర్చున్నారు. ఉద్యోగం మొత్తం మీద తప్పు తూకానికి ఒక్కసారి కూడా సీలు వేసిన మనిషి కాదు. ఇప్పుడు వేసింది తన మీద తానే. ఇంకొకరి ప్రాణభయాన్ని ఎత్తుకొచ్చి తనదని చెప్పుకున్నానని ఆయనకి చాలా అసహ్యం వేసింది. వేసినా, భోజనాల గంట కొట్టగానే లేచి వెళ్ళి కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నారు. ఆకలి సిగ్గుని ఎప్పుడు బతకనిచ్చింది కనుక.

మరి కొన్నాళ్ళకి ఒక మధ్యాహ్నం ఉమ్మడి గిన్నెలో పల్లీల పొడి వేసిన కూర, ఎర్ర గిన్నెలో ఉత్త కూర వండారు. అంకెలమ్మ కంచం తీసుకుని ముందే వెళ్ళింది. వెనకాల మాస్టారు కంచం చాపారు. అక్క ఉమ్మడి గిన్నెలోంచి గరిటె తీసి, అదే గరిటెతో ఎర్ర గిన్నెలో ముంచింది.

"అదేంటమ్మా, ఆ గరిటె?"

"ఎర్ర గరిటె ఎక్కడ పెట్టారో కనపడట్లేదు మాస్టారూ, ఇక్కడ చూస్తే చాంతాడంత వరస," అంది అక్క. తర్వాత గొంతు తగ్గించి నవ్వింది. "ఏం కాదులెండి. ఐస్‌క్రీమ్ తిన్నప్పుడు మీకేమైంది? ఆవిడకీ ఇందాక దీంతోనే వేశాను. ఈ ఎర్ర కంచాలన్నీ మనసులో జబ్బులు. మీరే కదా సాక్ష్యం."

మాస్టారు వెనక్కి తిరిగారు. అంకెలమ్మ కిటికీ దగ్గర సంచీ ఒళ్ళో పెట్టుకుని ముద్ద కలుపుతోంది.

"తినకండి," అని అరిచారు. ఆ హాల్లో ఆయన గొంతు అంత పెద్దగా ఉంటుందని ఎవరికీ తెలియదు, ఆయనకీ తెలియదు. అరుస్తూనే పరుగెత్తి, నోటి దాకా వెళ్ళిన చేతిని తోసి, కంచాన్ని బల్ల మీదినుంచి ఊడ్చేశారు. ఎర్ర కంచం నేల మీద గిరగిరా తిరిగి ఆగింది.

"గరిటె," అన్నారు ఆయన ఆయాసంతో. "పల్లీల గరిటె."

ఆవిడ వెంటనే సంచీ పట్టుకుని లేచి కుళాయి దగ్గరికి వెళ్ళింది. చేతులు కడుక్కుంటుండగానే మణికట్టు మీద ఎర్రగా దద్దుర్లు లేచాయి. కూర తగిలింది అంతే, నోట్లోకి పోలేదు. హాలు మొత్తం ఆ చెయ్యి చూసింది. అక్క కూడా చూసింది, ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు. నర్సమ్మ పరుగున వచ్చి, సూదిమందు సిద్ధంగా పట్టుకుని, అంకెలమ్మని కుర్చీలో కూర్చోబెట్టి ఊపిరి చూస్తూ నిలబడింది. దద్దుర్లు మోచెయ్యి దాకా పాకి అక్కడ ఆగాయి.

అప్పుడు జనం మాస్టారి చుట్టూ మూగారు. ఒకరు వీపు తట్టారు. "ప్రాణం కాపాడారు మాస్టారూ," అన్నాడు ఒక ఫిట్టరు. మంచినీళ్ళు తెచ్చిచ్చారు. అన్నేళ్ళలో రాని పలకరింపులన్నీ ఒక్కసారిగా వచ్చిపడ్డాయి. ఊరుకుంటే సరిపోయేది. కుర్చీ ఇక ఎవరూ కదపలేరు.

క్యాంటీన్ మేనేజరు అక్క మీద కేకలేస్తున్నాడు. "రేపట్నుంచి పనిలోకి రావద్దు."

"నాకేం తెలుసండి," అని అక్క ఏడుస్తోంది. "మాస్టారిదీ ఎర్ర కంచమే. ఐస్‌క్రీమ్ తిన్నా ఆయనకి ఏమీ కాలేదు. ఆవిడదీ అంతే అనుకున్నాను."

మాస్టారు నీళ్ళ గ్లాసు బల్ల మీద పెట్టారు. మింగలేక కక్కలేక ఇన్నాళ్ళు దాచుకున్నది ఇక లోపల ఉండనంది. ఈ పూటకి కంచం తోసేశారు సరే, రేపు ఇంకో గరిటె, ఎల్లుండి ఇంకో అక్క. తను ఆ కుర్చీలో ఉన్నన్నాళ్ళూ ఎర్ర కంచమంటే నవ్వులాటే.

"అక్క తప్పు కాదండీ," అన్నారు. "నాది ఎలర్జీ కాదు. పాలు ఎక్కువ తాగితే పొట్ట ఉబ్బుతుంది. అంతే. అంకెలమ్మ జబ్బు నిజం, నాది అబద్ధం. నన్ను చూసి ఆవిడ జబ్బుని కొలవకండి."

ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. నర్సమ్మ మాత్రం నవ్వలేదు.

"మరి నాతో చెప్పారే మాస్టారూ? గొంతు పూడుకుపోయిందని. అమ్మ పక్క గదిలోనే ఉందని, పిలుద్దామంటే..."

అంకెలమ్మ తలెత్తింది. ఆవిడ చూసిన చూపులో కోపం ఉంటే మాస్టారు తట్టుకునేవారు. కోపం లేదు.

"అది నా గొంతు మాస్టారూ," అంది.

మర్నాడు ఆయనకి తెల్ల కంచం ఇచ్చారు. మొదట్లో ఫిట్టర్లు కాస్త ఆటపట్టించారు, "పొట్ట ఎలా ఉంది మాస్టారూ" అని. వారం తిరిగేసరికి అదీ మానేశారు. మళ్ళీ ఉప్పు అందించే ఉద్యోగం. అక్క ఉద్యోగం నిలబడింది. ఆవిడ ఎర్ర గరిటె కాడకి ఎర్ర దారం చుట్టి, దాన్ని ఇంకొకరు ముట్టుకుంటే చెయ్యి విరగ్గొడతానని చాటింపు వేసింది. ఆ విషయంలో మాస్టారి మనసు కుదుటపడింది. కిటికీ పక్కన ఆయన కుర్చీలో అంకెలమ్మ సంచీ కూర్చుంది. ఆవిడ కూరని కాసేపు చూసి, వాసన చూసి, అప్పుడు తింటోంది. తల ఎత్తడం లేదు. తన కుర్చీ పోయింది సరే, ఇన్నేళ్ళకి ఒక తోడు దొరికిందనుకున్న మనిషి దగ్గర్నుంచి ఆ తోడు కూడా తనే లాగేసుకున్నానని ఆయనకి అప్పుడు తెలిసింది. ఉమ్మడి బల్ల మీద అందరి భుజాలూ తగులుతుండగా ఆయన ఒంటరిగా తిన్నారు. రాత్రి వంటగట్టు దగ్గర రేడియో పెట్టడం కూడా మానేశారు.

పెద్దాసుపత్రి చీటీ తిరిగి ఇచ్చేద్దామని ఒకరోజు డిస్పెన్సరీకి వెళ్ళారు. నర్సమ్మ చీటీ తీసుకుని చింపేసింది.

"ఒక మాట అడగనా? ఎందుకు చెప్పారలా?"

"ఆ బల్ల దగ్గర కూర్చోవాలని."

"కూర్చోడానికి జబ్బుండాలని ఎవరన్నారండీ? పల్లీలు తినకుండా, చేతులు సబ్బుతో కడుక్కుని, ఆ గిన్నెలోదే తినేవాళ్ళు ఎవరైనా కూర్చోవచ్చు. ఆవిడకి ఇష్టమైతే చాలు. గీత గీసింది పల్లీలకి, మనుషులకి కాదు."

ఇంత సుళువైన సంగతి ఇన్నాళ్ళూ మాస్టారు ఎవరినీ అడగలేదు. ఆయనే కాదు, ఆ హాల్లో ఒక్కరూ అడగలేదు.

ఆ మధ్యాహ్నం ఆయన భోజనం సగంలో వదిలేసి, చేతులు కడుక్కుని, పసుపు గీత దాకా వెళ్ళి ఆగారు. అంకెలమ్మ చూసి కూడా చూడనట్టు తింటోంది. చాలాసేపటికి అడిగింది.

"పాలు తాగితే నిజంగా ఏమవుతుంది మీకు?"

"పొట్ట ఉబ్బుతుందండి. చప్పుళ్ళు. అర గ్లాసు దాకా ఫరవాలేదు. అది దాటితే... పరుగులు."

ఆవిడకి నవ్వొచ్చింది, ఆపుకుంది. తర్వాత ఆ నవ్వు దానంతటదే పోయింది.

"మీకూ ఉందని చెప్పినప్పుడు నేను సంతోషించాను మాస్టారూ. ఇంత పాడు జబ్బు ఇంకొకరికి ఉందంటే సంతోషించానంటే చూడండి, నేనెంత..." అని ఆగింది. "మీ మీద కోపం కంటే అదే నాకు ఎక్కువ బాధగా ఉంది."

మాస్టారు గీత అవతలే నిలబడి ఉన్నారు. చెప్పాల్సిన మాట నాలుక చివర ఉంది. జబ్బు ఉందని చెప్పడం ఎంత తేలికో, ఈ మాట చెప్పడం అంత కష్టం.

"ఒక్కణ్ణే తినలేకపోతున్నానండి," అన్నారు చివరికి. "మా అమ్మ పోయిన దగ్గర్నుంచీ."

"ఆ మాటే మొదట్లో చెప్పొచ్చుగా."

"సిగ్గేసింది."

ఆవిడ ఎదుటి కుర్చీలోని సంచీ వైపు చూసింది. ఆయన కూర్చోవడానికి తియ్యలేదు. తర్వాత కంచం, సంచీ పట్టుకుని లేచింది.

"పల్లీలు తిన్న రోజు మాత్రం ఇటు రాకండి," అని వెళ్ళిపోయింది.

మర్నాడు మాస్టారు తెల్ల కంచం పట్టుకుని వరసలో నిలబడ్డారు. ఉమ్మడి గిన్నెలో పల్లీల కూర ఘుమఘుమలాడుతోంది. అక్క గరిటె ఎత్తింది.

"వద్దమ్మా. ఆ ఎర్ర గిన్నెలోది వెయ్యి."

"అదేంటి మాస్టారూ, ఇప్పుడు పల్లీలు కూడా పడట్లేదా?" అంది అక్క అనుమానంగా. వెనకాల ఫిట్టర్లు చెవులు రిక్కించారు.

"శుభ్రంగా పడతాయమ్మా. నాకే జబ్బూ లేదు," అన్నారు మాస్టారు అందరికీ వినపడేలా. "ఆవిడతో కూర్చుని తినాలని ఉంది. అందుకు."

అక్క ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూసింది. చూసి, తెల్ల కంచం లాక్కుని, ఎర్రది తీసి చేతిలో పెట్టింది.